రాష్ట్రాలు కంపెనీలకు ఇచ్చే రాయితీలు, వాటి లెక్కలు: అమెరికా అనుభవం మీద తరచుగా అడిగే ప్రశ్నలు

పరిశ్రమ రావాలి, మంచి జీతాల ఉద్యోగాలు రావాలి, అందుకోసం ఇచ్చిన ప్రజల సొమ్ముకు లెక్క ఉండాలి. ఈ మూడింటినీ ఒకే చట్టంలో ఇమడ్చాలని అమెరికా రాష్ట్రాలు 1990ల నుంచి ప్రయత్నిస్తున్నాయి. కొన్ని గట్టిగా దెబ్బతిన్నాయి, కొన్ని బాగానే నేర్చుకున్నాయి. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారికీ, ఇక్కడ ఎంఓయూల వార్తలు చదివేవారికీ తరచుగా వచ్చే సందేహాలకు ఇవి జవాబులు.

రాయితీ అంటే అచ్చంగా ఏమిటి? ప్రభుత్వం చెక్కు రాసి ఇస్తుందా?

కొన్నిసార్లు నిజంగానే చెక్కు. ఎక్కువ సందర్భాల్లో మాత్రం అది వసూలు చేయని పన్ను. ఆస్తి పన్ను కొన్నేళ్లు మాఫీ చేస్తారు, యంత్రాల మీద అమ్మకం పన్ను తీసేస్తారు, ఒక్కో ఉద్యోగానికి ఇంత అని ఆదాయపన్నులో క్రెడిట్ ఇస్తారు. ఇవి కాక నామమాత్రపు ధరకు భూమి, రోడ్డు, నీటి లైను, ఉద్యోగుల శిక్షణ ఖర్చు.

వీటిలో ఎక్కువమంది గమనించనిది రీఫండబుల్ క్రెడిట్. మామూలు క్రెడిట్ అయితే కంపెనీ కట్టాల్సిన పన్నులోంచి తగ్గుతుంది, అంతే. రీఫండబుల్ అయితే, కట్టాల్సిన పన్ను సున్నా అయినా క్రెడిట్ మొత్తం నగదుగా చేతికొస్తుంది. పేరు పన్ను క్రెడిట్, పని మాత్రం చెక్కుది.

ఇంకొకటి టిఫ్ (ట్యాక్స్ ఇంక్రిమెంట్ ఫైనాన్సింగ్). ఒక ప్రాంతం చుట్టూ గీత గీసి, అక్కడి ఆస్తుల విలువ ఈరోజు ఎంతో రాసుకుంటారు. ఆ తర్వాత పెరిగే విలువ మీద వచ్చే ఆస్తి పన్ను బడికీ కౌంటీకీ (మన జిల్లా లాంటిది) పోకుండా, ఏళ్ల తరబడి ఆ ప్రాంతంలోని ప్రాజెక్టు అప్పు తీర్చడానికే పోతుంది. ఈ పద్ధతి 1952లో కాలిఫోర్నియాలో పుట్టింది. ఖజానా ఖాళీ అయ్యాక అదే కాలిఫోర్నియా, దాన్ని నడిపిన పునరాభివృద్ధి సంస్థలన్నిటినీ 2012 ఫిబ్రవరిలో మూసేసింది.

ఫాక్స్‌కాన్ ఒప్పందం గురించి అందరూ చెబుతారు. అందులో అసలు తప్పు ఎక్కడ జరిగింది?

2017 జూలైలో వైట్‌హౌస్‌లో ప్రకటన వచ్చింది. తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ విస్కాన్సిన్‌లో 1,000 కోట్ల డాలర్లతో ఎల్‌సీడీ తెరల ఫ్యాక్టరీ పెడుతుంది, 13,000 మందికి సగటున 53,875 డాలర్ల జీతంతో ఉద్యోగాలిస్తుంది. బదులుగా రాష్ట్రం ఇచ్చేది సుమారు 300 కోట్ల డాలర్లు. ఇందులో 285 కోట్లు రీఫండబుల్ క్రెడిట్లు, 15 కోట్లు అమ్మకం పన్ను మినహాయింపు. రాష్ట్రం వాటానే లెక్కేసినా ఒక్కో ఉద్యోగానికి 2,30,000 డాలర్లు. రేసీన్ కౌంటీ, మౌంట్ ప్లెజెంట్ గ్రామం పెట్టిన ఖర్చు దీనికి అదనం.

కంపెనీ మాట తప్పింది కాబట్టి నష్టం వచ్చిందని చాలామంది అనుకుంటారు. మాట నిలబెట్టుకున్నా అది గిట్టుబాటు బేరం కాదు. విస్కాన్సిన్‌లో తయారీ కంపెనీల లాభం మీద రాష్ట్ర పన్నును వేరే క్రెడిట్ ఒకటి అప్పటికే దాదాపు సున్నాకు తెచ్చేసింది. కాబట్టి ఈ 285 కోట్లలో తగ్గించడానికి పన్నే లేదు, అదంతా నగదు చెల్లింపే. జీతాల మీద క్రెడిట్ మామూలు పథకంలో 7 శాతం ఉంటే ఫాక్స్‌కాన్‌కు 17 శాతం ఇచ్చారు. అప్పట్లో ఆ రాష్ట్ర ఆదాయపన్ను పై శ్లాబే 7.65 శాతం. అంటే ఒక ఉద్యోగి జీతం మీద రాష్ట్రానికి వచ్చే పన్నుకు రెట్టింపు కంటే ఎక్కువ కంపెనీకి వెళుతుంది. రాష్ట్ర శాసనసభ ఆర్థిక విభాగం ఆనాడే లెక్కగట్టి, అన్నీ అనుకున్నట్టు జరిగినా 2042-43 దాకా పెట్టిన సొమ్ము వెనక్కి రాదని రాసిచ్చింది. ఆ కాగితం చేతిలో ఉండగానే సభ ఓటేసింది.

రెండో దెబ్బ స్థానిక సంస్థలకు తగిలింది. రాష్ట్రం ఉద్యోగాలు చూశాకే ఇస్తానంది. గ్రామం మాత్రం ఫ్యాక్టరీ రాకముందే అప్పు చేసి భూమి కొంది, రోడ్లు వేసింది, నీటి పైపులు పరిచింది, కుటుంబాలను ఖాళీ చేయించింది. ముందుగా ఖర్చు పెట్టినవాడిదే రిస్కు అని ఇక్కడ తేలింది.

ఒప్పందం నిజంగా కాపాడింది ఒకచోట. ఏటా కనీస ఉద్యోగాల సంఖ్య అందులో రాసి ఉంది. 2018లో ఆ సంఖ్య 260, కంపెనీ అందుకోలేదు, క్రెడిట్ రాలేదు. 2020 అక్టోబరులో రాష్ట్ర ఆర్థికాభివృద్ధి సంస్థ క్రెడిట్‌ను మళ్లీ తిరస్కరించింది. ఒప్పందంలో రాసిన భారీ ఫ్యాక్టరీ అసలు కట్టడమే లేదన్నది ఒక కారణం. 2021 ఏప్రిల్‌లో కొత్త ఒప్పందం కుదిరింది: 67.2 కోట్ల డాలర్ల పెట్టుబడి, 1,454 ఉద్యోగాలు, గరిష్ఠంగా 8 కోట్ల డాలర్ల క్రెడిట్. ఉద్యోగానికి 55,000 డాలర్లు. సిద్ధం చేసిన ఆ భూమిలో కొంత తర్వాత మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్‌కు కొన్నది. ఖర్చు పూర్తిగా వృథా కాలేదు. అయితే 13,000 మంది పనిచేసే ఫ్యాక్టరీకీ డేటా సెంటర్‌కూ పోలిక లేదు.

రాయితీ ఇవ్వకపోతే కంపెనీ పక్క రాష్ట్రానికి పోదా?

కొన్ని పోతాయి. ఎన్ని అన్నదే ప్రశ్న. అప్‌జాన్ ఇన్‌స్టిట్యూట్ ఆర్థికవేత్త టిమోతీ బార్టిక్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసి 2018లో ఒక అంచనా ఇచ్చాడు. రాయితీ వల్లే మనసు మార్చుకున్న కంపెనీలు 2 నుంచి 25 శాతం మధ్య ఉంటాయని, మిగతావి రాయితీ లేకపోయినా అక్కడికే వచ్చేవని. నిపుణులైన మనుషులు దొరకడం, సరఫరాదారులు, రవాణా, కొనుగోలుదారులకు దగ్గర కావడం, ఇవే కంపెనీ ఖర్చులో పెద్దవి. రాష్ట్ర, స్థానిక పన్నులు అందులో చిన్న భాగం.

దీన్ని ఏ ఒప్పందానికైనా అన్వయించి చూడవచ్చు. ఉద్యోగానికి 20,000 డాలర్లు ఇస్తున్నారనుకోండి. 100 ఉద్యోగాల్లో 20 మాత్రమే రాయితీ వల్ల వచ్చాయనుకుంటే, ఆ 20కి అయిన అసలు ఖర్చు ఒక్కోదానికి 1,00,000 డాలర్లు. ప్రకటనల్లో మొదటి అంకె కనిపిస్తుంది, రెండోది ఎవరూ చెప్పరు.

మంచి ఒప్పందం ఎలా ఉంటుంది? ఉదాహరణ ఉందా?

వర్జీనియా, అమెజాన్. 2017 సెప్టెంబరులో రెండో ప్రధాన కార్యాలయానికి ఊళ్లను పోటీకి పిలిస్తే 238 ప్రతిపాదనలు వెళ్లాయి. 2018 నవంబరులో న్యూయార్క్‌లోని లాంగ్ ఐలాండ్ సిటీ, వర్జీనియాలోని ఆర్లింగ్టన్ గెలిచాయి. న్యూయార్క్ ప్యాకేజీ సుమారు 300 కోట్ల డాలర్లు. స్థానికంగా గొడవ చెలరేగడంతో 2019 ఫిబ్రవరిలో అమెజాన్ అక్కణ్నుంచి తప్పుకుంది.

వర్జీనియా ఇస్తానన్నది ఉద్యోగానికి 22,000 డాలర్లు, మొదటి 25,000 ఉద్యోగాలకు 55 కోట్లు. సగటు జీతం 1,50,000 డాలర్లు ఉండాలి, ఆ మెట్టు ఏటా 1.5 శాతం పెరగాలి. ఉద్యోగాలు వచ్చాక, లెక్క చూపించాక మాత్రమే చెల్లింపు. దీంతోపాటు రాష్ట్రం కంప్యూటర్ సైన్స్ చదువుల మీద 20 ఏళ్లలో 110 కోట్ల డాలర్లు పెడతానంది. అమెజాన్ రేపు వెళ్లిపోయినా ఆ ఇంజనీర్లు, కాలేజీలు రాష్ట్రంలోనే ఉంటాయి. 2023లో అమెజాన్ రెండో దశ నిర్మాణం ఆపేసినప్పుడు రాష్ట్రం ముందుగా ఇచ్చేసి పోగొట్టుకున్న నగదు ప్రోత్సాహకం ఏమీ లేదు. తెలివి ఈ చెల్లింపు వరసలోనే ఉంది.

అలాగని వర్జీనియా అన్నిటా జాగ్రత్తపరురాలు కాదు. డేటా సెంటర్లకు అమ్మకం పన్ను మినహాయింపుకు అక్కడ 15 కోట్ల డాలర్ల పెట్టుబడి, 50 ఉద్యోగాలు చాలు. 2023 ఆర్థిక సంవత్సరంలో ఆ ఒక్క మినహాయింపు విలువ 92.8 కోట్ల డాలర్లని శాసనసభ సమీక్షా సంఘమే లెక్క చెప్పింది. సర్వర్లు కొన్నేళ్లకోసారి మారుస్తారు, మార్చిన ప్రతిసారీ మినహాయింపు వర్తిస్తుంది. గరిష్ఠ పరిమితి లేని రాయితీ ఎలా ఉబ్బుతుందో చూడాలంటే ఇదే చోటు.

ఒప్పందం కాగితం చేతికొస్తే ఏ ఏ మాటలు వెతకాలి?

మొదట "ఉద్యోగం" అంటే ఏమని రాశారో చూడండి. వారానికి ఎన్ని గంటలు? ఏజెన్సీ ద్వారా వచ్చే కాంట్రాక్టు మనుషులు లెక్కలోకి వస్తారా? వేరే రాష్ట్రంలో ఇంటి నుంచి పనిచేసేవారో? విస్కాన్సిన్ ఆడిట్ విభాగం 2018 డిసెంబరులో పట్టుకున్నది సరిగ్గా ఇదే. రాష్ట్రం బయట పనిచేసే ఉద్యోగులకూ క్రెడిట్ ఇచ్చేసేలా నిబంధనలు రాసుకున్నారు.

తర్వాత బేస్‌లైన్. "500 కొత్త ఉద్యోగాలు" అంటే ఏ తేదీ నాటి సంఖ్య మీద 500? ఆ తేదీకి ముందు 200 మందిని తీసేసి, తర్వాత మళ్లీ పెట్టుకుంటే అవి కొత్తవి కావు. అదే రాష్ట్రంలోని ఇంకో ఊరి ఆఫీసు మూసి మనుషుల్ని ఇక్కడికి తెచ్చినా కొత్తవి కావు. ఈ రెండు వాక్యాలూ ఒప్పందంలో లేకపోతే అడ్డదారి తెరిచి ఉన్నట్టే.

జీతం దగ్గర సగటు అని రాశారా, మధ్యస్థమా? తొమ్మిది మందికి 30,000, మేనేజరుకు 3,30,000 ఇస్తే సగటు 60,000 వస్తుంది. షరతు నెరవేరినట్టే, తొమ్మిది మంది పరిస్థితి మాత్రం మారలేదు. కనీస జీతం వేరుగా, మధ్యస్థ జీతం వేరుగా రాయించుకోవడమే మందు. ఆరోగ్య బీమా షరతు కూడా ఇక్కడే ఉండాలి.

గడువులు రెండుండాలి: ఎప్పటిలోగా ఉద్యోగాలు ఇవ్వాలి, ఇచ్చాక ఎన్నేళ్లు నిలపాలి. రెండోది లేకపోతే కంపెనీ లెక్క చూపించే రోజుకు మనుషుల్ని చేర్చుకుని మర్నాడు తీసేయవచ్చు. తనిఖీ ఎవరిది అన్నదీ అంతే ముఖ్యం. కంపెనీ తానే సంతకం చేసిచ్చిన ధ్రువపత్రం సరిపోదు. ప్రతి యజమానీ మూడు నెలలకోసారి నిరుద్యోగ బీమా కోసం రాష్ట్రానికి జీతాల వివరాలు పంపుతాడు. దానితో సరిచూడాలని రాసి ఉంటే అబద్ధానికి చోటు తగ్గుతుంది.

చివరగా సంతకం ఎవరిది? ఈ ప్రాజెక్టు కోసమే పుట్టించిన చిన్న అనుబంధ కంపెనీ సంతకం పెట్టి, మాతృసంస్థ పూచీ లేకపోతే, రేపు వసూలు చేయడానికి ఎదుట ఎవరూ ఉండరు.

మాట తప్పితే సొమ్ము వెనక్కి తీసుకునే నిబంధన, క్లాబ్యాక్, నిజంగా పనిచేస్తుందా?

కంపెనీ దగ్గర డబ్బు ఉన్నప్పుడు పనిచేస్తుంది. డెల్ 2005లో నార్త్ కరోలినాలోని విన్‌స్టన్-సేలంలో ఫ్యాక్టరీ తెరిచి, 2009 అక్టోబరులో మూసేస్తున్నట్టు ప్రకటించింది. నగరం, కౌంటీ ఒప్పందంలో స్పష్టంగా రాయించుకున్నాయి కాబట్టి తామిచ్చింది వెనక్కి రాబట్టుకున్నాయి.

రోడ్ ఐలండ్ కథ వేరు. బేస్‌బాల్ ఆటగాడు కర్ట్ షిల్లింగ్ పెట్టిన వీడియో గేమ్ కంపెనీ 38 స్టూడియోస్‌కు ఆ రాష్ట్రం 2010లో 7.5 కోట్ల డాలర్ల అప్పుకు పూచీ పడింది. 2012 జూన్‌లో కంపెనీ దివాలా తీసింది. అప్పు ప్రజల నెత్తిన పడింది. దివాలా కోర్టులో రాష్ట్రం కూడా అప్పులవాళ్ల వరసలో నిలబడాల్సిందే.

అందుకే అనుభవమున్నవాళ్లు క్లాబ్యాక్‌ను రెండో రక్షణగానే చూస్తారు. మొదటిది, పని జరిగాకే ఇవ్వడం. ఇంకో మెలిక కూడా ఉంది. "వెనక్కి తీసుకోవచ్చు" అని రాస్తే అది అధికారి ఇష్టం, ఎన్నికల ఏడాదిలో ఏ అధికారీ తీసుకోడు. "తీసుకోవాలి" అని రాయాలి. 70 శాతం ఉద్యోగాలిస్తే 30 శాతం సొమ్ము వెనక్కి అన్నట్టు నిష్పత్తి పెడితే అమలు తేలిక. అంతా లేదా ఏమీ లేదు అని రాస్తే, అంత పెద్ద శిక్ష వేయలేక అధికారులే గడువు పొడిగిస్తూ పోతారు.

ఇవన్నీ ఒక్కో ఒప్పందంలో రాసుకోవాల్సిందేనా? చట్టమే చెప్పకూడదా?

మిన్నెసోటా చెప్పింది. 1995లో చిన్న చట్టంతో మొదలుపెట్టి 1999లో దాన్ని గట్టి చేసింది. రాయితీకి ప్రజా ప్రయోజనం ఏమిటో రాతపూర్వకంగా చెప్పాలి. ఉద్యోగాలు, జీతాల లక్ష్యాలు అంకెల్లో ఉండాలి, రెండేళ్లలో చేరాలి. కంపెనీ ఆ చోట కనీసం ఐదేళ్లు నడవాలి. స్థానిక సంస్థ 1,50,000 డాలర్లకు మించి ఇస్తే ముందు బహిరంగ విచారణ జరపాలి. లక్ష్యం తప్పితే వడ్డీతో తిరిగి కట్టాలి. ఏటా నివేదికలు రాష్ట్రానికి చేరాలి, వాటిని ప్రజలు చూడవచ్చు. ఇల్లినాయి 2003లో దాదాపు ఇదే దారిలో కార్పొరేట్ జవాబుదారీ చట్టం తెచ్చింది.

ఈ చట్టాలు వచ్చాక మిన్నెసోటాకు కంపెనీలు రావడం మానలేదు. షరతులు అందరికీ ఒకటే అయినప్పుడు, పేరున్న కంపెనీలు వాటిని లెక్కలో వేసుకుంటాయి. ఇబ్బంది పడేవి చాలావరకు ఆ లక్ష్యాలు చేరే ఉద్దేశం లేనివే.

రాయితీ భారం చివరికి ఎవరి మీద పడుతుంది?

అమెరికాలో బడులు చాలావరకు ఆస్తి పన్నుతో నడుస్తాయి. కాబట్టి ఆస్తి పన్ను మాఫీ అంటే ముందు కోత పడేది బడికే. లూసియానాలో 1930ల నుంచీ ఉన్న పరిశ్రమల పథకంలో రాష్ట్ర బోర్డు సంతకం పెట్టేది, స్థానిక బడి, షెరిఫ్ (స్థానిక పోలీసు అధికారి) కార్యాలయం పదేళ్లు పన్ను పోగొట్టుకునేవి. నష్టపోయేవాడికి ఓటు లేదు. గవర్నర్ జాన్ బెల్ ఎడ్వర్డ్స్ 2016లో ఉత్తర్వు ఇచ్చి స్థానిక సంస్థల ఆమోదం, ఉద్యోగాల షరతు తప్పనిసరి చేశాడు. 2019 జనవరిలో ఈస్ట్ బేటన్ రూజ్ స్కూల్ బోర్డు ఎక్సాన్‌మొబిల్ అడిగిన మినహాయింపును తిప్పి పంపింది. అంతకుముందు ఎవరూ ఊహించని పని అది. కానీ ఎడ్వర్డ్స్ చేసింది ఉత్తర్వు, చట్టం కాదు. తర్వాతి గవర్నర్ జెఫ్ లాండ్రీ 2024లో ఉద్యోగాల షరతు తీసేశాడు.

పోయిన పన్ను ఎంతో తెలుసుకోవడానికి గాస్బీ 77 అనే లెక్కల ప్రమాణం ఉంది. ప్రభుత్వాలకు లెక్కల నియమాలు రాసే బోర్డు 2015 ఆగస్టులో దాన్ని తెచ్చింది. దాని ప్రకారం నగరమైనా బడి జిల్లా అయినా, ఇతరుల ఒప్పందాల వల్ల తాను పోగొట్టుకున్న పన్నుతో సహా ఏడాది లెక్క వార్షిక నివేదికలో చూపాలి. కంపెనీ పేరు రాయనక్కరలేదు, అదే దాని లోటు.

పక్క పక్క రాష్ట్రాలు పోటీపడి పాడవుతుంటే ఆపేవారే లేరా?

కాన్సాస్ సిటీలో ప్రయత్నం జరిగింది. ఆ నగరం మధ్యనుంచి కాన్సాస్, మిస్సోరి రాష్ట్రాల సరిహద్దు పోతుంది. రాయితీ కోసం కంపెనీలు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మారేవి. 2011లోనే రెస్టారెంట్ల కంపెనీ యాపిల్‌బీస్ కాన్సాస్ వదిలి మిస్సోరికి, ఏఎంసీ థియేటర్స్ మిస్సోరి వదిలి కాన్సాస్‌కు వెళ్తున్నట్టు చెప్పాయి. ఉద్యోగుల్లో చాలామంది ఇల్లు కూడా మారనక్కరలేదు, కొత్త ఉద్యోగాలూ లేవు. 2019లో మిస్సోరి చట్టంతో, కాన్సాస్ గవర్నర్ ఉత్తర్వుతో సంధి చేసుకున్నాయి: అప్పటికే ఉన్న ఉద్యోగాలను సరిహద్దు కౌంటీల మధ్య అటూ ఇటూ మార్చినందుకు రాయితీ లేదు. 2024లో కాన్సాస్ అవతలి వైపు క్రీడా జట్లను లాగడానికి స్టేడియం బాండ్ల చట్టం చేసింది. సంధిలో ఆటల గురించి ఎవరూ రాసుకోలేదు మరి.

లాభాలు డెలావేర్‌కు తరలిస్తారంటారు. అదేమిటి?

బొమ్మల దుకాణాల కంపెనీ టాయ్స్ ఆర్ అస్ తన ట్రేడ్‌మార్కును డెలావేర్‌లోని జెఫ్రీ అనే సొంత అనుబంధ సంస్థకు రాసిచ్చింది. జెఫ్రీ అంటే వాళ్ల గుర్తులోని జిరాఫీ పేరు. చాలా రాష్ట్రాల్లోని దుకాణాలు అమ్మకాల్లో కొంత శాతం జెఫ్రీకి రాయల్టీగా కట్టేవి. దుకాణం ఉన్న రాష్ట్రంలో అది ఖర్చు కాబట్టి లాభం తగ్గుతుంది. డెలావేర్ ఆ రాయల్టీ మీద పన్ను వేయదు. 1993లో సౌత్ కరోలినా సుప్రీంకోర్టు జెఫ్రీ మీద పన్ను వేయవచ్చని తీర్పిచ్చింది.

కోర్టుకెళ్లకుండా దీన్ని ఆపేది కంబైన్డ్ రిపోర్టింగ్. గ్రూపులోని కంపెనీలన్నిటి లాభం కలిపి ఒకటిగా లెక్కేసి, అందులో తమ రాష్ట్రంలో జరిగిన వ్యాపారం వాటాకు పన్ను వేస్తారు. ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చిన రాయల్టీ లెక్కలో కరిగిపోతుంది. 28 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ దీన్ని పాటిస్తున్నాయి. పెన్సిల్వేనియా, ఫ్లోరిడా, వర్జీనియా ఇంకా చేరలేదు. రాయితీ చర్చల్లో దీని ప్రస్తావన తక్కువే గానీ, మా దృష్టిలో ఊళ్లోని చిన్న వ్యాపారికి నిజమైన మేలు ఇదే. డెలావేర్‌లో అనుబంధ సంస్థ పెట్టే స్థోమత అతనికి లేదు.

అమెరికాలో ఉద్యోగం పోతే ఈ రాష్ట్ర చట్టాలు మనవాళ్లకు పనికొస్తాయా?

చాలా. కంపెనీ జవాబుదారీతనంలో ఉద్యోగికి నేరుగా తగిలే భాగం ఇదే. 1988 నాటి ఫెడరల్ వార్న్ చట్టం ప్రకారం 100 మందికి పైగా ఉన్న కంపెనీ మూకుమ్మడిగా తీసేసేటప్పుడు 60 రోజుల ముందు నోటీసివ్వాలి. కొన్ని రాష్ట్రాలు దీన్ని బిగించాయి.

న్యూయార్క్: 50 మంది ఉన్న కంపెనీకే వర్తిస్తుంది, నోటీసు 90 రోజులు. కాలిఫోర్నియా: 75 మంది ఉన్న చోటుకు వర్తిస్తుంది, నోటీసు 60 రోజులే. న్యూజెర్సీ అన్నిటికంటే ముందుంది. 2023 ఏప్రిల్ 10 నుంచి 100 మందికి పైగా ఉన్న కంపెనీ రాష్ట్రంలో 50 మందిని తీసేస్తే 90 రోజుల నోటీసుతోపాటు, పనిచేసిన ప్రతి పూర్తి ఏడాదికి ఒక వారం జీతం ఇవ్వాల్సిందే. నోటీసు గడువు తగ్గితే మరో 4 వారాల జీతం. ఇది కంపెనీ దయతో ఇచ్చే ప్యాకేజీ కాదు, చట్టబద్ధమైన హక్కు. దాన్ని వదులుకుంటున్నట్టు సంతకం చేయించినా, లేబర్ కమిషనర్ గానీ కోర్టు గానీ ఆమోదించకపోతే చెల్లదు. కాబట్టి న్యూజెర్సీలో సెవరెన్స్ (ఉద్యోగం తీసేసినందుకు ఇచ్చే సొమ్ము) కాగితం ఇస్తే, అందులో ఎంత భాగం చట్టం ప్రకారం ఎలాగూ రావాల్సిందో, ఎంత అదనమో వేరు చేసి చూపమని అడగండి.

హెచ్-1బీ వారికి ఇంకో లెక్క ఉంది. ఉద్యోగం ముగిశాక 60 రోజుల వరకు, లేదా ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చెప్పే రికార్డు) గడువు దాకా, ఏది ముందయితే అది, దేశంలో ఉండి కొత్త యజమానిని వెతుక్కోవచ్చు. ఉద్యోగం ముగిసిన రోజుగా సాధారణంగా చూసేది జీతం చెల్లించిన చివరి రోజును. నోటీసు కాలమంతా పేరోల్‌లో ఉంచి జీతమిస్తే 60 రోజులు ఆ తర్వాతే మొదలవుతాయి. అదే సొమ్మును గుండుగుత్తగా సెవరెన్స్ అని చేతికిచ్చి పంపేస్తే ఆ రోజు నుంచే మొదలు కావచ్చు. సొమ్ము ఒకటే, వీసా గడువులో రెండు మూడు నెలల తేడా. చర్చలకు కూర్చున్నప్పుడు మొదట అడగాల్సింది పేరోల్ చివరి తేదీ. సంతకానికి ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుకు చూపించండి.

ఒక కంపెనీ ఎంత రాయితీ పొందిందో నేను వెతకగలనా?

గ్రెగ్ లెరాయ్ 1998లో స్థాపించిన గుడ్ జాబ్స్ ఫస్ట్ అనే నిఘా సంస్థ నడిపే సబ్సిడీ ట్రాకర్‌లో కంపెనీ పేరు కొడితే రాష్ట్రాల వారీగా వస్తుంది. మాతృసంస్థ పేరుతో వెతకండి, లేకపోతే అనుబంధ సంస్థలు తప్పిపోతాయి. అదే కంపెనీ మీద పడిన జరిమానాలకు వాళ్లదే వయొలేషన్ ట్రాకర్. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, జీతాల ఎగవేతకు జరిమానా కట్టిన కంపెనీ రాయితీ జాబితాలోనూ కనిపించడం అరుదేమీ కాదు. తర్వాత మీ నగరం, బడి జిల్లా వార్షిక ఆర్థిక నివేదిక తెరిచి "ట్యాక్స్ అబేట్‌మెంట్" (పన్ను మాఫీ) అనే నోట్ వెతకండి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో దీన్ని ఎలా వాడుకోవాలి?

పోటీ ఇక్కడా అదే. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇవ్వడానికి ఒప్పుకుంది. కంపెనీ చెప్పింది 1,370 కోట్ల రూపాయల పెట్టుబడి, 12,000 ఉద్యోగాలు. అక్టోబరులో గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రం ప్రకటించింది. 99 పైసలు తక్కువా ఎక్కువా అన్న వాదన కంటే పనికొచ్చే ప్రశ్నలున్నాయి. ఉద్యోగాలు ఏ తేదీకి ఎన్ని? హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో బదిలీ అయ్యేవారు లెక్కలో ఉన్నారా? మార్కెట్ ధరకూ ఇచ్చిన ధరకూ తేడాను రాయితీగా జీవోలో చూపారా? లక్ష్యం తప్పితే భూమి వెనక్కా, ధర పెంపా? డేటా సెంటర్ అయితే కరెంటు, నీరు, పన్ను వాపసుకు గరిష్ఠ పరిమితి ఉందా?

స్థానికులకు ఉద్యోగాలన్న షరతును చట్టంతో రుద్దితే కోర్టులో నిలబడటం కష్టం. ఆంధ్రప్రదేశ్ 2019లో పరిశ్రమల్లో 75 శాతం స్థానికులకే అని చట్టం చేసింది. ఆ తరహాలోనే నెలకు 30,000 రూపాయల లోపు ఉద్యోగాలకు హర్యానా చేసిన చట్టాన్ని పంజాబ్-హర్యానా హైకోర్టు 2023 నవంబరులో కొట్టేసింది. అదే షరతును రాయితీ ఒప్పందంలో, శిక్షణ ఖర్చుతో జతచేసి, ఇంతమంది స్థానికులకు ఇస్తే ఇంత అదనపు ప్రోత్సాహకం అని రాయడం మెరుగైన దారి.

కాగితాలు కావాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. పరిశ్రమల శాఖ కమిషనరేట్‌కు గానీ జిల్లా పరిశ్రమల కేంద్రానికి గానీ 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. "కంపెనీకి ఏమిచ్చారు" అని గుండుగుత్తగా అడగవద్దు. జీవో నంబరు రాసి, ఒప్పందం ప్రతి, మంజూరైన మొత్తం, విడుదలైన మొత్తం తేదీలతో, ఉద్యోగాల తనిఖీ నివేదికలు అని విడివిడిగా అడగండి. మంజూరుకూ విడుదలకూ మధ్య ఏళ్ల బకాయి ఉండటం మామూలే, రెండూ అడగకపోతే బొమ్మ తప్పుగా వస్తుంది. జవాబు 30 రోజుల్లో రావాలి. వాణిజ్య రహస్యమంటూ సెక్షన్ 8(1)(డి) చూపి నిరాకరిస్తే, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చని అదే క్లాజులో ఉందని రాయండి. రహస్యమైన భాగం కొట్టేసి మిగతాది ఇవ్వాలని సెక్షన్ 10 చెబుతుంది, అదీ చేర్చండి. మొదటి అప్పీలుకు గడువు 30 రోజులు, సమాచార కమిషన్‌కు రెండో అప్పీలుకు 90 రోజులు.